పని మానేసే మనిషికి ఆఖరి లెక్క ఎలా తేల్చాలి

చీమకుర్తి గ్రానైట్ యూనిట్లలో అయినా, నెల్లూరు వైపు రొయ్యల ప్లాంట్లలో అయినా, పని మానేసినవాళ్లను కదిపితే వచ్చే మాట ఇదే: "లెక్క ఇంకా తేల్చలేదండీ, రేపు రమ్మన్నారు." ఆ రేపు అనేది లేకుండా చెయ్యడం అకౌంట్స్‌లో కూర్చునే మన చేతుల్లో పని. 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉన్న వేతనాల కోడ్ ప్రకారం, మనిషి తానే మానేసినా మనం తీసేసినా, జీతం బాకీ రెండు పనిదినాల్లో ఇచ్చెయ్యాలి. అందుకే రాజీనామా కాగితం అందిన రోజే మొదలుపెట్టండి.

ముందు ఆఖరి పనిరోజు ఏదో సూపర్‌వైజర్ చేత రాయించుకోండి. హాజరు చూసి ఆ నెల పనిచేసిన రోజుల జీతం, ఓటీ (అదనపు గంటల పని) డబ్బు, వాడుకోకుండా మిగిలిన ఈఎల్ (సంపాదించుకున్న సెలవుల) డబ్బు లెక్క కట్టండి. ఒక రోజు జీతం తీయడానికి నెల జీతాన్ని నెలనెలా 26తో భాగిస్తుంటే ఇప్పుడూ 26తోనే, వెళ్లిపోతున్నాడు కదా అని 30తో భాగించడం అన్యాయం. అరనెల జీతమే వచ్చి మొత్తం 15,000 దాటకపోతే వృత్తి పన్ను ఉండదు, అలవాటుగా 200 కోసెయ్యకండి. పండక్కి తీసుకున్న అడ్వాన్స్ ఉంటే అతని సంతకం ఉన్న వోచర్ చూపించి పట్టుకోండి, నోటి లెక్కలు వద్దు.

గ్రాట్యుటీ, అంటే పనిచేసిన ఏళ్లను బట్టి వెళ్లేటప్పుడు ఇచ్చే మొత్తం, దాని దగ్గరే ఎక్కువమంది నష్టపోతారు. ఐదేళ్లు నిండినవాళ్లకు లెక్క సులువే: నెలకు బేసిక్ (మూల జీతం), డీఏ (కరువు భత్యం) కలిపి 20,000, సర్వీసు 6 ఏళ్ల 8 నెలలు అనుకోండి. ఆరు నెలలు దాటింది కాబట్టి 7 ఏళ్లు. 20,000ను 15తో గుణించి 26తో భాగించి, 7తో గుణిస్తే 80,769 రూపాయలు. ఆ 8 నెలలు వదిలేస్తే అతనికి పదకొండు వేలకు పైగా పోయినట్టే! దీనికి గడువు 30 రోజులు, కానీ డబ్బుంటే జీతంతో కలిపే వేసెయ్యండి.

పీఎఫ్ (భవిష్యనిధి) పోర్టల్‌లో ఎగ్జిట్ తేదీ, అంటే పని మానేసిన తేదీ, వెయ్యడం మర్చిపోవద్దు, సెటిల్‌మెంట్ చేసిన తేదీ కాదు, ఆఖరి పనిరోజు వెయ్యాలి. మనం వెయ్యకపోతే అతను సొంతంగా వేసుకోవడానికి రెండు నెలలు ఆగాలి, ఈలోపు పీఎఫ్ డబ్బు కోసం తిరుగుతూనే ఉంటాడు.

లెక్క కాగితం తెలుగులో రాసి ఒక కాపీ చేతికివ్వండి. డబ్బు అకౌంట్‌లో పడ్డాకే సంతకం అడగండి.