హిట్లర్ పేరు తీస్తే ముందు అడగాల్సింది: ఏ సంవత్సరం హిట్లర్?

రాజకీయాల మీద వాదన కాస్త వేడెక్కితే చాలు ఎవరో ఒకరు హిట్లర్ని లాక్కొస్తారు, ఇదేం కొత్త కాదు, వాదన సాగే కొద్దీ హిట్లర్ పోలిక వచ్చే ఛాన్స్ పెరుగుతుందని 1990లోనే మైక్ గాడ్విన్ అనే ఆయన సరదాగా ఒక రూల్ రాశాడు. అలాగని ఆ పేరు రాగానే "నువ్వు ఓడిపోయావ్ పో" అనేయకండి, ఆ రూల్ చెప్పింది అది కాదు. ఏ సంవత్సరం హిట్లరో అడగండి.

ఎందుకంటే వాదనల్లో తిరిగే హిట్లర్లు కనీసం ముగ్గురు. మొదటోడు 1933 వాడు. 1932 నవంబర్ ఎన్నికల్లో నాజీలకి వచ్చింది 33 శాతమే, అయినా జర్మనీ అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ పిలిచి ఛాన్సలర్ని చేశాడు, వీణ్ణి మనం కంట్రోల్‌లో పెట్టొచ్చులే అనుకున్నారు చుట్టూ ఉన్న పెద్దమనుషులు, రెండు నెలలు తిరక్కుండానే పార్లమెంటు తన అధికారాలు తనే రాసిచ్చేసింది. ఇతన్ని గుర్తుచేసేవాళ్ళు చెప్పేది కోర్టులు, పత్రికలు, ఎన్నికలు జాగ్రత్త అని.

1938 హిట్లర్ కథ వేరు. మ్యూనిక్‌లో బ్రిటన్ ప్రధాని చాంబర్లిన్ హిట్లర్‌తో రాజీపడి చెకోస్లోవేకియాలోని సుడేటన్‌లాండ్ ఇచ్చేశాడు, ఆర్నెల్లలోపే ఆ దేశ రాజధాని ప్రేగ్ కూడా పోయింది. ఈ హిట్లర్ పేరు తెచ్చేవాళ్ళకి ఎక్కువగా కావాల్సింది యుద్ధం. 1956లో ఈజిప్ట్ అధ్యక్షుడు నాసర్ సూయజ్ కాలువని జాతీయం చేసినప్పుడు బ్రిటన్‌లో ఇదే పోలిక, దాడికి దిగి అమెరికా ఒత్తిడితో వెనక్కొచ్చారు. 1990లో ఇరాక్ పాలకుడు సద్దాం కువైట్‌ని ఆక్రమిస్తే అప్పటి అమెరికా అధ్యక్షుడు బుష్ (సీనియర్) నోట మళ్ళీ ఇదే పోలిక, ఈసారి కువైట్ విడిపించారు. అంటే పోలిక ఒకటే, ఫలితాలు రెండు.

మూడోవాడు 60 లక్షల మంది యూదుల్ని చంపించినవాడు. పన్నులు పెంచారనో ఏదో రూల్ పెట్టారనో ఇతన్ని తెస్తే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. ఇక హిట్లర్ సిగరెట్లు వద్దన్నాడు కాబట్టి సిగరెట్లు వద్దనేవాళ్ళంతా అలాంటోళ్ళే అనే టైపుతో వాదించకండి, టైం వేస్ట్.

తర్వాత ఆ పేరు ఎక్కడ, ఎవరి ముందు వాడుతున్నారో చూడండి. క్రామ్‌వెల్ (1600ల్లో ఇంగ్లండ్‌ని ఏలినవాడు) విగ్రహం లండన్‌లో పార్లమెంటు బయటే ఉంది, అదే ఐర్లండ్‌లో ఆ పేరెత్తితే 1649లో అతని సైన్యం ద్రోగెడా ఊళ్ళో చేసిన ఊచకోత గుర్తొస్తుంది. చెంగిజ్ ఖాన్ బయట చాలామందికి రాక్షసుడు, మంగోలియాలో జాతిపిత, 40 మీటర్ల విగ్రహం కట్టుకున్నారు. స్టాలిన్ అయితే ఒకరికి 1937లో సొంత జనాన్నే కాల్చి చంపించినవాడు, ఇంకొకరికి 1945లో హిట్లర్ మీద గెలిచినవాడు, ఇద్దరూ గంటసేపు అరుచుకుంటారు గానీ మాట్లాడేది ఒకే మనిషి గురించి కాదు.

మీరే పోలిక పెట్టాలనుకుంటే సంవత్సరం, పని రెండూ కలిపి రాయండి. "ఫలానావాడు హిట్లర్" అనే బదులు "ఎమర్జెన్సీ అధికారాలు తీసుకున్నాడు, గడువు చెప్పట్లేదు, 1933లో ఇలాగే మొదలైంది" అనండి. అప్పుడు అవతలివాళ్ళు కోపం తెచ్చుకోవడం కాకుండా గడువు గురించి ఏదో ఒక సమాధానం చెప్పాల్సొస్తుంది.