ఆన్‌లైన్ కచేరికి ముందు: వీణ, మృదంగం జంటకు జాగ్రత్తలు

త్యాగరాజ ఆరాధన దగ్గరపడుతోంది. ఇంటి నుంచి లైవ్ ఇచ్చేవాళ్లు ఇవి చూసుకోండి.

• యూట్యూబ్‌లో లైవ్ సదుపాయాన్ని రెండు రోజుల ముందే ఆన్ చేసుకోండి. మొదటిసారి అనుమతికి 24 గంటల దాకా పట్టొచ్చు. కచేరి వేళకు నొక్కితే ఇక చేసేదేమీ ఉండదు.

• చెరో ఇంట్లో కూర్చుని జూమ్‌లో కలిసి వాయించే ఆలోచన మానుకోండి. ధ్వని 30 మిల్లీసెకన్లు ఆలస్యమైతేనే తాళం ఈడ్చుకుపోతుంది, జూమ్‌లో అంతకంటే చాలా ఎక్కువే. ఒకే గదిలో కూర్చోండి. కుదరకపోతే ముందు వీణ రికార్డు చేసి, దాన్ని హెడ్‌ఫోన్‌లో వింటూ మృదంగం వాయించండి.

• ప్రసారమే జూమ్‌లో అయితే ‘ఒరిజినల్ సౌండ్’ ఆన్‌లో ఉండాలి. లేకపోతే తంబూర శ్రుతిని జూమ్ ఫ్యాన్ మోత అనుకుని మింగేస్తుంది. మీటు తర్వాత సాగే వీణ నాదానికీ అదే గతి.

• ఒక్కటే మైకా? వీణకు రెండడుగుల్లో, మృదంగానికి ఐదారడుగుల్లో పెట్టండి. గెయిన్ (మైకు ధ్వనిని అందుకునే స్థాయి) సరిచూసేది ఆలాపనతో కాదు, తనియావర్తనంతో, అంటే మృదంగం ఒక్కటే వాయించే భాగంతో. అత్యంత గట్టి దెబ్బకీ ధ్వని మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకూడదు.

• ఏసీ వేసిన అరగంటకు శ్రుతి చేయండి. గదిలో తేమ మారితే మృదంగం చర్మం బిగువూ మారుతుంది.

• ఫోన్‌తో ప్రసారమైతే ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి వైఫై మాత్రం ఉంచండి, కాల్ వస్తే లైవ్ తెగొచ్చు.