ఎండాకాలం ఫంక్షన్లలో రసమలై: బయట పెట్టింది మళ్లీ ఫ్రిజ్‌లోకి వద్దు

మొన్న మా కాలనీలో ఒక సీమంతం జరిగింది, మధ్యాహ్నం భోజనాలప్పుడు షామియానా కింద బల్ల మీద పెట్టిన రసమలై గిన్నె సాయంత్రం దాకా అక్కడే ఉంది, మిగిలిందాన్ని మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టి చల్లబడ్డాక ఆగిపోయిన చుట్టాలకి వడ్డించారు. రాత్రికల్లా తిన్నవాళ్లకి వరసగా వాంతులు, పిల్లల్ని చూస్తే కడుపు తరుక్కుపోయింది.

మూత పెట్టండి, చేతులు కడుక్కోండి అని మీకు చెప్పక్కర్లేదు. నేను గట్టిగా చెప్పేది ఒక్కటే, బయట ఉన్న పాల స్వీట్‌ని మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టి తినకండి. ఫ్రిజ్ బ్యాక్టీరియా పెరగకుండా నెమ్మది చేస్తుందంతే, అప్పటికే పెరిగినదాన్ని చంపదు. మామూలు రోజుల్లో బయట రెండు గంటలు, ఎండ 32 డిగ్రీలు దాటితే ఒక్క గంట, అంతే. మన మే నెలలో ఆ గంట మాత్రమే.

"పాలే కదా, ఒకసారి మరిగించేద్దాం" అంటారు చూడండి, అదే కొంప ముంచేది. మన చేతుల నుంచి, ముక్కు నుంచి చేరే స్టాఫైలోకోకస్ అనే బ్యాక్టీరియా వదిలిన విషం మరిగించినా పోదు, పైగా వాసన మారదు, రుచి మారదు, కొన్ని గంటల్లోనే వాంతులు మొదలవుతాయి.

పాడైందని కంటికి తెలిసే గుర్తులూ ఉన్నాయి. పాలు విరిగి నీళ్లు తేలడం, పులిసిన వాసన, అంచుల్లో బుడగలు, ముక్క పట్టుకుంటే జిగురుగా తీగ సాగడం, గులాబీ రంగు మచ్చలు. వీటిలో ఒక్కటి కనిపించినా మొత్తం పారబోయండి, పైపైన తీసేసి తినడం కాదు. ఏమీ కనిపించలేదంటే మంచిదని కాదు, ఎంతసేపు బయట ఉందన్నదే లెక్క.

షాపుల్లో విడి స్వీట్ల ట్రే దగ్గర బెస్ట్ బిఫోర్ తేదీ పెట్టాలని 2020 అక్టోబర్ 1 నుంచి రూల్ ఉంది, కొనేముందు అడిగి చూడండి.

ఇంకా, ఫ్రిజ్ డోర్‌లో పెట్టొద్దు, తీసినప్పుడల్లా వేడి గాలి తగులుతుంది, లోపల వెనక్కి పెట్టండి. ఇంట్లో చేస్తే పెద్ద గిన్నెడు పాలు అలాగే చల్లారేదాకా వదిలేయకుండా వెడల్పు గిన్నెల్లో పోసి ఐస్ నీళ్లలో పెట్టండి. ఫంక్షన్‌లో గిన్నె మొత్తం బయటికి తేవొద్దు, కొంచెం కొంచెం తెచ్చి వడ్డించండి. వేలు తెగినవాళ్లు ముట్టుకోవద్దు. ఎంగిలి చెంచా డబ్బాలో పెట్టొద్దు. కరెంట్ పోతే తలుపు తీయొద్దు, నాలుగు గంటలు దాటిందా, పారబోయండి. రుచి చూసి తేల్చుకుందాం అనొద్దు. మనం తినం గానీ పనమ్మాయికి ఇద్దాం అని అస్సలు అనొద్దు, వాళ్ల పిల్లలూ పిల్లలే. బయట ఉన్నది ఫ్రిజ్‌లోకి వద్దు, ఎంత ఖరీదైనా వద్దు. తిన్నాక వాంతులైతే ఓఆర్ఎస్ కొద్దికొద్దిగా తాగించండి, నీళ్లు కూడా కడుపులో నిలవకపోతే, విరేచనంలో రక్తం కనిపిస్తే, పిల్లలు ఉచ్చ పోయకుండా మత్తుగా పడి ఉంటే వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్లండి, తెల్లారేదాకా చూడకండి.