ఖర్చుల యాప్‌లో ఒకే లావాదేవీ రెండుసార్లు పడితే: సమస్య - పరిష్కారం

యాప్‌లో ఒకే ఖర్చు రెండుసార్లు కనబడగానే చాలామంది వెంటనే ఒకదాన్ని డిలీట్ చేసేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ముందు బ్యాంకు స్టేట్‌మెంట్ తెరిచి, డబ్బు ఒకసారి కట్ అయిందా, రెండుసార్లా చూడండి. యూపీఐ అయితే ప్రతి చెల్లింపుకూ 12 అంకెల రిఫరెన్స్ నంబరు ఉంటుంది. రెండు ఎంట్రీల్లోనూ అదే నంబరు ఉంటే డూప్లికేట్. నంబర్లు వేరైతే రెండూ అసలైనవే.

తిరుపతిలో ఉన్నవాళ్ళకు ఈ సంగతి మరీ ముఖ్యం. చుట్టాలకు 300 రూపాయల దర్శనం టికెట్లు విడివిడిగా బుక్ చేసి ఉంటారు. ఒకే రోజు, ఒకే మొత్తం, ఒకే పేరు. యాప్ ‘డూప్లికేట్ కావచ్చు’ అంటుంది, మీరు నమ్మి ఒకటి తీసేస్తారు. నెలాఖరులో లెక్క తేలదు.

బ్యాంకులోనే రెండుసార్లు కట్ అయి, అందులో ఒకటి ఫెయిల్ అయి ఉంటే తప్పు యాప్‌ది కాదు. ఫెయిలైన యూపీఐ డబ్బు మనుషులకు పంపినదైతే మర్నాటికల్లా, షాపులో కట్టినదైతే 5 రోజుల్లోపు వెనక్కి రావాలి. దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలని ఆర్‌బీఐ 2019లోనే చెప్పింది. పోయిన ఎంట్రీ, తిరిగొచ్చిన ఎంట్రీ రెండూ యాప్‌లో ఉంచండి.

స్టేట్‌మెంట్‌లో ఒకటే ఉంది, యాప్‌లో మాత్రం రెండున్నాయి అని తేలాకే కింద చదవండి.

పక్కపక్కనే రెండేసి ఉన్నాయి

జూన్ 1 నుంచి 20 వరకు ఉన్న బ్యాంకు స్టేట్‌మెంట్ ఫైల్ యాప్‌లో ఎక్కించి (ఇంపోర్ట్ చేసి), నెలాఖరులో మళ్ళీ 1 నుంచి 30 వరకు ఎక్కించి ఉంటారు. బ్యాకప్ తీసుకుని రెండో ఇంపోర్ట్ మొత్తం తీసేయండి. 21 నుంచి ఉన్న ఫైల్ మాత్రం ఎక్కించండి.

పక్కపక్కన లేవు, కానీ లెక్క తేలడం లేదు

ఎక్కువమందిని ఏడిపించేది ఇదే. నేను చూసిన వాటిలో తెలివైనవాళ్ళు కూడా గంటలు గంటలు వెతికి వదిలేసినవి ఉన్నాయి.

ఈమధ్య భవానీ నగర్‌లో ఒకాయన లెక్కలు చూశాను. జూన్ 5న కట్టిన ఇంటి అద్దె ఎస్సెమ్మెస్ ద్వారా యాప్‌లో సరిగ్గానే పడింది. స్టేట్‌మెంట్ ఎక్కించాక అదే అద్దె మే 6న ఇంకోసారి పడింది. జూన్ 10 నాటి కరెంటు బిల్లు ఇంకా రాని అక్టోబర్ 6న ఉంది. కొత్తగా చేరిన తప్పు ఎంట్రీలన్నీ ఏదో ఒక నెల 6వ తేదీనే ఉన్నాయి. 13వ తేదీ తర్వాతి ఖర్చుల్లో ఒక్క తప్పూ లేదు.

ఇది తేదీలో రోజు, నెల తారుమారైన కేసు. మన బ్యాంకులు 05/06/2025 అని రాస్తే జూన్ 5. లాప్‌టాప్‌లో తేదీల సెట్టింగ్ అమెరికాది ఉంటే ఎక్సెల్ దాన్ని మే 6 అని చదువుతుంది. 18/06 వచ్చేసరికి 18వ నెల లేదు కాబట్టి ముట్టుకోకుండా వదిలేస్తుంది. 06/06 ఎటు చదివినా ఒకటే. మీరు ఫైల్ తెరిచి, ఎక్సెల్ ఫైల్‌గా సేవ్ చేసినా, తేదీల కాలమ్‌కు అందంగా కొత్త ఫార్మాట్ పెట్టినా ఆ తప్పు ఖాయమైపోతుంది. తేదీ మారింది కాబట్టి యాప్‌కు అవి కొత్త ఖర్చులే.

పట్టుకోవడం సులువు. ఎక్సెల్‌లో తేదీల కాలమ్ చూడండి. తేదీగా మారినవి కుడివైపుకు, మారనివి ఎడమవైపుకు జరిగి ఉంటాయి. ఒకే కాలమ్‌లో రెండు రకాలూ ఉంటే ఇక వేరే కారణం వెతకనక్కర్లేదు. అదే ఫైల్‌లో 12 అంకెల రిఫరెన్స్ నంబరు 5.16E+11 లాగా మారిపోయి ఉంటుంది. అలా ఉండగానే సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైల్‌గా) సేవ్ చేస్తే అసలు అంకెలు పోతాయి, యాప్ పోల్చుకోవడానికి ఆ ఆధారమూ ఉండదు.

ఒక్కొక్క తేదీ దిద్దుకుంటూ కూర్చోకండి. బ్యాకప్ తీసి, ఆ ఇంపోర్ట్ మొత్తం తొలగించి, బ్యాంకు నుంచి ఫైల్ మళ్ళీ డౌన్‌లోడ్ చేసి, తెరవకుండా నేరుగా ఎక్కించండి. ఇంపోర్ట్ చేసేటప్పుడు తేదీ ఫార్మాట్ రోజు-నెల-సంవత్సరం అని మీరే ఎంచుకోండి. ఫైల్ చూడాలనిపిస్తే కాపీ తీసి కాపీని చూడండి. ఎక్సెల్‌లో మార్పులు చేయక తప్పదంటే డబుల్ క్లిక్ చేయకుండా, డేటా ట్యాబ్‌లోని ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’ ద్వారా తెరిచి ‘డూ నాట్ డిటెక్ట్ డేటా టైప్స్’ పెట్టండి. విండోస్ రీజియన్ సెట్టింగ్‌లో ఫార్మాట్‌ను ఇంగ్లిష్ (ఇండియా)కు మార్చేస్తే ఈ తేదీల బాధ మళ్ళీ రాదు. చివర్లో స్టేట్‌మెంట్‌లోని క్లోజింగ్ బ్యాలెన్స్, యాప్ బ్యాలెన్స్ పైసాతో సహా సరిపోవాలి.

అరుదుగా వచ్చేవి

బ్యాంకు ఎస్సెమ్మెస్, యూపీఐ యాప్ నోటిఫికేషన్ రెండూ చదివే యాప్ అయితే ఒకదాన్ని ఆపేయండి. మీ ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు పంపినదాన్ని, క్రెడిట్ కార్డు బిల్లు కట్టినదాన్ని ట్రాన్స్‌ఫర్‌గా మార్చండి, ఖర్చు కాదు. సప్తగిరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసింది కదా, ఆ ఖాతా ఉన్నవాళ్ళు యాప్‌లో పాత పేరుతో ఒకటి, కొత్త పేరుతో ఒకటి ఉన్నాయేమో చూసి రెండూ కలిపేయండి.