వేసవి ముదరకముందే కంప్యూటర్ సిస్టమ్‌కు కూలర్, ఫ్యాన్లు మార్చుకోవడం

హైదరాబాదులో ఏప్రిల్ నడిమికి వచ్చేసరికి పగటి ఎండ 40 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. పై అంతస్తులో, స్లాబు కిందనే ఉన్న గదుల్లో రాత్రి తొమ్మిదింటికి కూడా గోడలు వేడిని వదులుతూనే ఉంటాయి. డాబా చల్లారేదాకా గదిలో 35 డిగ్రీల గాలి కదలకుండా నిలిచి ఉంటుంది. డిసెంబరులో కిక్కురుమనకుండా పనిచేసిన అసెంబుల్డ్ సిస్టమ్ (విడిభాగాలు కొని కూర్చుకున్న కంప్యూటర్) అదే గదిలో మే నెలలో మిక్సీలాగా అరవడం, వీడియో ఎడిటింగ్ మధ్యలో నెమ్మదించడం చూసి మనలో చాలామంది వెంటనే ఫ్యాన్లు కొనడానికి బయలుదేరుతారు. కొనవలసిన అవసరం నిజంగానే ఉండవచ్చు. అయితే వేడి ఎక్కడ చిక్కుకుందో తెలుసుకోకుండా తెచ్చి బిగించిన ఫ్యాను చాలాసార్లు చప్పుడును మాత్రమే పెంచుతుంది. అందువల్ల పర్సు తీసే ముందు ఒక గంట కొలతలకు కేటాయించాలి.

ఫ్యానుతో గాని, ప్రాసెసర్‌ను నీటితో చల్లబరిచే కూలర్‌తో గాని ఏ భాగాన్నీ గది గాలి కన్నా చల్లగా చేయలేము. లోపలి వేడిని గదిలోకి తరలించడమే అవి చేయగలిగిన పని. కాబట్టి తెర మీద కనిపించే ఉష్ణోగ్రతలో నుంచి గది ఉష్ణోగ్రతను తీసివేయగా మిగిలిన తేడానే మనం చూసుకోవలసిన అంకె. జనవరి రాత్రి గదిలో 22 డిగ్రీలు ఉన్నప్పుడు ప్రాసెసర్ 72 చూపితే తేడా 50. మే సాయంత్రం గదిలో 36 ఉన్నప్పుడు అదే పనికి 84 చూపితే తేడా 48. 84 చూడగానే గుండె ఝల్లుమన్నా, ఆ రోజు ప్రాసెసర్ మీది కూలర్ ఇంకాస్త బాగానే పనిచేసిందన్నమాట.

కొలవడానికి ఒక చిన్న డిజిటల్ థర్మామీటర్‌ను క్యాబినెట్ ముందు భాగంలో, గాలి లోపలికి వెళ్ళే చోట పెట్టండి. ఉష్ణోగ్రతలు చూపే హెచ్‌డబ్ల్యుఇన్ఫో ప్రోగ్రాం తెరిచి ఉంచి, ప్రాసెసర్‌కు పూర్తి భారం పెట్టే సినీబెంచ్‌ను పది నిమిషాలు నడిపి, చివరి రెండు నిమిషాల్లో ప్రాసెసర్ ఉష్ణోగ్రత ఎంత ఉందో రాసుకోండి. తర్వాత మీరు మామూలుగా ఆడే ఆటను అరగంట ఆడి, ప్రాసెసర్‌తో పాటు గ్రాఫిక్స్ కార్డు అంకెలు కూడా రాసుకోండి. ఆపైన క్యాబినెట్ పక్క తలుపు తీసివేసి ఇవే పరీక్షలు మళ్ళీ చేయండి. ఈ మొత్తం సేపు సీలింగ్ ఫ్యాను రెగ్యులేటర్‌ను ఎవరూ ముట్టుకోకూడదు. ఇంట్లో వాళ్ళకు ముందే చెప్పి పెట్టడం మంచిది.

తలుపు తీసినప్పుడు తేడా 8, 10 డిగ్రీలు పడిపోయిందంటే క్యాబినెట్‌కు ఊపిరి ఆడడం లేదని అర్థం, అప్పుడు ఫ్యాన్ల మీద పెట్టే డబ్బుకు ఫలితం ఉంటుంది. రెండు మూడు డిగ్రీలకు మించి తగ్గలేదంటే తప్పు కూలర్‌లోనో, దానికీ ప్రాసెసర్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్ట్‌లోనో, కూలర్ బిగింపులోనో ఉంది, ఎన్ని ఫ్యాన్లు తగిలించినా పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. ఇంకొక మాట కూడా గుర్తుంచుకోవాలి. ఏఎండీ కంపెనీ రైజెన్ 7000 వరుసలో పేరు చివర ఎక్స్ ఉన్న ప్రాసెసర్లు పూర్తి భారం మీద 95 డిగ్రీల దాకా వెళ్ళి అక్కడే నిలకడగా పనిచేసేలా తయారైనవి. అటువంటి చిప్ 95 చూపిస్తోందని కంగారుపడి కూలర్ మార్చేకన్నా, బయోస్‌లో (సిస్టమ్ మొదలయ్యేటప్పుడు తెరుచుకునే సెట్టింగుల్లో) కరెంటు వాడకాన్ని తగ్గించే ఎకో మోడ్ పెట్టి చూడడం తెలివైన పని. వేగంలో కొద్దిపాటి తరుగుదలకు వేడి చాలా తగ్గుతుంది.

దుమ్ము దులిపిన తర్వాతే కొనుగోలు

కొలతలు ఏమి చెప్పినా మొదట శుభ్రం చేయాలి. ఒక పక్క ఇళ్ళ నిర్మాణాలు, ఇంకో పక్క రోడ్ల తవ్వకాలు ఉన్న కాలనీల్లో నేల మీద పెట్టిన క్యాబినెట్ మూడు నెలల్లో బూడిద రంగుకు తిరుగుతుంది. వంటగదికి ఆనుకుని ఉన్న హాల్లో పెట్టిన సిస్టమ్ పరిస్థితి ఇంకా దారుణం: రోజూ వేసే పోపుల నూనె ఆవిరి హీట్ సింక్ (కూలర్‌లో వేడిని గాలికి వదిలే లోహపు భాగం) రేకుల మీద పలచగా పేరుకుని, దాని మీద వాలిన దుమ్ము పొడిగా ఉండక కంబళి ముక్కలా అట్ట కడుతుంది. దాన్ని బ్లోయర్ ఒక్కటే కదిలించలేదు. మెత్తని పెయింటింగ్ బ్రష్‌తో రేకు రేకుకూ మధ్య దులపాలి.

ప్లగ్ తీసి, పవర్ బటన్‌ను కొన్ని క్షణాలు నొక్కి పట్టుకుని మిగిలిన కరెంటును పోగొట్టి, క్యాబినెట్‌ను బాల్కనీకి తీసుకువెళ్ళండి. బ్లోయర్ గాలి కొట్టేటప్పుడు ప్రతి ఫ్యాను రెక్కనూ వేలితో ఆపి పట్టుకోవాలి. రెక్కలు గాలికి గిరగిరా తిరిగితే చూడడానికి సరదాగానే ఉంటుంది గాని, బేరింగ్ అరుగుతుంది, ఫ్యాను చిన్న డైనమోలా మారి, భాగాలన్నీ తగిలించే పెద్ద బోర్డయిన మదర్‌బోర్డు వైపు కరెంటు పంపే ప్రమాదం కూడా ఉంది. జాలీ ఫిల్టర్లను కుళాయి కింద కడిగి నీడలో పూర్తిగా ఆరనివ్వండి. ఇంతటితో సగం మంది సమస్య తీరిపోతుందని నా అనుభవం.

సీటీసీకి వెళ్ళే ముందు స్కేలుతో కొలవవలసినవి

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను నగరంలో అందరూ సీటీసీ అనే పిలుస్తారు. కంప్యూటర్ విడిభాగాలకు మనవాళ్ళు ముందుగా వెళ్ళేది అక్కడికే. నాలుగు దుకాణాలు తిరిగి ధర అడగడానికి వీలుంది కాని, మీ క్యాబినెట్ కొలతలు దుకాణదారుకు తెలియవు. అందుకని ఇంట్లోనే కొలిచి ఫోనులో రాసుకోవాలి. క్యాబినెట్ ముందు, వెనుక, పైన ఉన్న రంధ్రాలు 120 మి.మీ. ఫ్యానుకా, 140 మి.మీ. ఫ్యానుకా చూసుకోండి. ప్రాసెసర్ పైభాగం నుంచి పక్క తలుపు దాకా ఎంత ఖాళీ ఉందో చూడండి. రేకుల దొంతరలు రెండు నిలువుగా ఉండే జంట టవర్ కూలర్లలో పెద్దదైన నాక్టువా ఎన్‌హెచ్-డి15 ఎత్తు 165 మి.మీ., డీప్‌కూల్ ఏకే400 వంటి ఒంటి టవర్ 155 మి.మీ. పది మిల్లీమీటర్ల దగ్గర తలుపు మూసుకోని క్యాబినెట్లు చాలానే ఉన్నాయి. ఎత్తయిన ర్యామ్ ఉంటే అది కూలర్ ఫ్యానుకు అడ్డం వస్తుందేమో కూడా గమనించాలి.

సాకెట్ (మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. ఇంటెల్ ఎల్‌జీఏ 1200 బోర్డుల్లో కూలర్ రంధ్రాల మధ్య దూరం 75 మి.మీ., ఎల్‌జీఏ 1700లో 78 మి.మీ. చూపుకు తేడా తెలియదు, బిగించబోతే మాత్రం కుదరదు. పాత స్టాకులోని కూలర్ కొంటున్నప్పుడు 1700 బ్రాకెట్ పెట్టెలో ఉందో లేదో అక్కడే విప్పి చూడండి.

ఫ్యాన్లలో నాలుగు పిన్నులవి, అంటే పీడబ్ల్యూఎం రకానివి తీసుకోవడమే మేలు. మూడు పిన్నుల ఫ్యాను వేగాన్ని వోల్టేజి తగ్గించి అదుపు చేయాలి, మరీ తగ్గిస్తే అది ఆగిపోతుంది. నాలుగో పిన్ను ఉన్నదానికి 12 వోల్టులూ ఎప్పుడూ అందుతూనే ఉంటాయి, వేగం ఎంతో చెప్పే సంకేతం విడిగా వెళ్తుంది. మదర్‌బోర్డు మీద ఒక్కో ఫ్యాను హెడర్ (ఫ్యాను వైరు గుచ్చే పిన్నుల చోటు) సాధారణంగా 1 ఆంపియర్ దాకా ఇస్తుంది కనుక, ఒకే హెడర్‌ను పంచే స్ప్లిటర్ పెట్టి ఎన్నయినా తగిలించవచ్చని అనుకోకుండా ఫ్యాను స్టిక్కర్ మీది ఆంపియర్లను కూడి చూసుకోండి. రంగుల లైట్లున్నవి కొంటే లైటు వైరు 5 వోల్టులదా, 12 వోల్టులదా అని తప్పకుండా అడగండి. 5 వోల్టుల లైటును 12 వోల్టుల హెడర్‌కు గుచ్చితే అది మరి వెలగదు.

ముందు భాగమంతా అద్దమే ఉండి, అంచుల్లో గాలికి వేలెడు సందైనా లేని క్యాబినెట్ మీదైతే, ఫ్యాన్ల డబ్బును జాలీ ముఖం ఉన్న క్యాబినెట్‌కే పెట్టమని నేను చెబుతాను.

ఫ్యాన్ల దిశ

మామూలు టవర్ క్యాబినెట్‌కు ముందు వైపు రెండు లేక మూడు ఫ్యాన్లు గాలిని లోపలికి తీసుకోవడం, వెనుక ఒకటి బయటికి పంపడం సరిపోతుంది. ఇంకొకటి పెట్టాలనిపిస్తే పైభాగంలో వెనుక మూలకు పెట్టి బయటికి తిప్పండి. పైభాగంలో ముందు మూలకు బయటికి పంపే ఫ్యాను పెడితే, లోపలికి అప్పుడే వచ్చిన చల్లగాలి ప్రాసెసర్ దాకా చేరకముందే అది లాగేసుకుంటుంది. లోపలికి వచ్చే గాలి బయటికి పోయే గాలి కన్నా కాస్త ఎక్కువ ఉంటే, సందుల్లోంచి గాలి బయటికే తోసుకుపోతుంది, దుమ్ము ఫిల్టర్ల దగ్గరే ఆగిపోతుంది. మన ఊరి దుమ్ముకు ఈ అమరికే తగినది.

ఫ్యాను దిశ పోల్చుకోవడం తేలిక. రెక్కలు అడ్డు లేకుండా కనిపించే వైపు నుంచి గాలి లోపలికి వెళ్ళి, మోటారును పట్టి ఉంచే ప్లాస్టిక్ చువ్వలున్న వైపు నుంచి బయటికి వస్తుంది. బిగించాక అనుమానం మిగిలితే ఒక అగరుబత్తి వెలిగించి ఒక్కో జాలీ దగ్గర క్షణంపాటు పట్టుకోండి. ముందు జాలీ దగ్గర పొగ తీగ వంగి లోపలికి పోవాలి, వెనుక దగ్గర చెదిరి బయటికి ఎగరాలి. పొగ అక్కడే సుడులు తిరుగుతుంటే రెండు ఫ్యాన్లు ఒకదానితో ఒకటి పోట్లాడుతున్నాయని తెలుసుకోవచ్చు.

కూలర్ మార్చడం

ఇక్కడ తొందర పనికిరాదని నేను నష్టపోయి తెలుసుకున్నాను. నా పాత ఏఎం4 సాకెట్ బోర్డు (ఏఎండీ ప్రాసెసర్లకు) మీది కూలర్‌ను, రాత్రంతా ఆపి ఉంచిన సిస్టమ్‌లో, నేరుగా పైకి లాగాను. గట్టిపడిన పేస్ట్ ప్రాసెసర్‌ను వదలలేదు; సాకెట్ లివర్ మూసి ఉండగానే చిప్ మొత్తం కూలర్‌కు అతుక్కుని ఊడి వచ్చింది. తిప్పి చూస్తే 1331 పిన్నుల్లో ఒక మూలన మూడు పడుకుని ఉన్నాయి. మా అబ్బాయి పెన్ పెన్సిల్‌లోని 0.5 మి.మీ. ములుకును తీసేసి, ఆ ఖాళీ మొనను పిన్నుకు తొడిగి, ఊపిరి బిగబట్టి ఒక్కొక్కటే నిలబెట్టడానికి గంటన్నర పట్టింది.

కాబట్టి పాత కూలర్ తీయడానికి ముందు పది నిమిషాలు సిస్టమ్‌ను భారం మీద నడిపి, పేస్ట్ మెత్తబడ్డాక ఆపి, ప్లగ్ తీసి, క్యాబినెట్‌ను పక్కకు పడుకోబెట్టండి. స్క్రూలు వదులు చేసి, కూలర్‌ను ఎడమకూ కుడికీ కొద్దికొద్దిగా మెలితిప్పి, కదలిక తెలిశాకే పైకి ఎత్తండి. పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. కోఠిలోని గుజరాతీ గల్లీ వంటి ఎలక్ట్రానిక్స్ బజార్లలో అడిగి తీసుకోవచ్చు. తుడవడానికి బాగా ఉతికి నలిగిన పాత పంచె ముక్క దూది కన్నా నయం, పోగులు వదలదు.

కొత్త పేస్ట్‌ను చిప్ నడిమిలో బఠాణీ గింజంత పెడితే చాలు. ఎల్‌జీఏ 1700 చిప్ పొడవుగా ఉంటుంది కనుక దానికి సన్నని గుణకారపు గుర్తులా గీయడం మంచిది. కూలర్ అడుగున అంటించి ఉండే పారదర్శకమైన ప్లాస్టిక్ పొరను ఊడదీయండి. దీన్ని మరచిపోయి పేస్ట్‌ను నిందించేవారు తక్కువేమీ లేరు. స్క్రూలను ఒక పక్కది పూర్తిగా బిగించి మరో పక్కకు వెళ్ళకుండా, ఎదురెదురుగా రెండేసి చుట్లు చొప్పున తిప్పుతూ రండి. చివరగా వైరును మదర్‌బోర్డు మీద సీపీయూ ఫ్యాన్ అని రాసి ఉన్న హెడర్‌కే గుచ్చాలి. మరో చోట గుచ్చితే చాలా బోర్డులు మొదలయ్యేటప్పుడే ఫ్యాను లేదని మొరాయిస్తాయి.

నీటి కూలర్ గురించి క్లుప్తంగా చెబుతాను: 65 వాట్ల తరగతి ప్రాసెసర్లకు అది అక్కరలేదు, మంచి టవర్ కూలర్ ఏళ్ళ తరబడి పనిచేస్తుంది, దానిలో చెడిపోయేది ఫ్యాను ఒక్కటే. పెట్టి తీరాలనుకుంటే, నీటి వేడిని గాలిలోకి వదిలే రేడియేటర్‌ను క్యాబినెట్ పైభాగంలో బిగించండి. లోపలి గాలి బుడగలు పైకి చేరతాయి కనుక మొత్తం వలయంలో పంపు అన్నిటికన్నా ఎత్తున ఉండకూడదు.

వేగం సర్దుబాటు

ఫ్యాను వేగం సగానికి తగ్గితే గాలి కూడా దాదాపు సగమవుతుంది, కాని చప్పుడు అంతకన్నా ఎక్కువగా పడిపోతుంది. ఒక ఫ్యానును పూర్తి వేగంతో తిప్పే బదులు రెండింటిని నెమ్మదిగా తిప్పడం వల్ల కలిగే లాభం ఇదే. బయోస్‌లో ఫ్యాను వక్రాన్ని (ఏ ఉష్ణోగ్రతకు ఎంత వేగమో చూపే గీతను) 60 డిగ్రీల దాకా 40 శాతం వద్ద అడ్డంగా ఉంచి, అక్కడి నుంచి 85 దగ్గర 100 శాతానికి చేరేలా ఏటవాలుగా లేపండి. చలికాలంలో గీసిన వక్రాన్ని వేసవికి అలాగే వదిలేస్తే, బ్రౌజర్ తెరిచినా ఫ్యాన్లు లేచి కూర్చుంటాయి. వేగం మారడానికి పట్టే వ్యవధిని కొన్ని క్షణాలు పెంచితే ఆ ఎగుడుదిగుడు మోత పోతుంది. ఆటలు ఆడేవారు ముందు ఫ్యాన్లను గ్రాఫిక్స్ కార్డు ఉష్ణోగ్రతకు ముడిపెట్టాలి, ఎందుకంటే ఆ పనిలో ఎక్కువ వేడి దానిదే; ఫ్యాన్ కంట్రోల్ అనే ఉచిత ప్రోగ్రాంతో ఇది సాధ్యమవుతుంది. వారంటీ ఉన్న గ్రాఫిక్స్ కార్డును విప్పే సాహసం చేయకుండా, ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రాంలో పవర్ లిమిట్‌ను (కార్డు వాడే కరెంటుకు పరిమితిని) 85 శాతానికి దించి ఆడి చూడండి.

సిస్టమ్‌ను పెట్టే చోటు కూడా ముఖ్యమే. టేబుల్ కింద తలుపులున్న అరలో పెడితే అది తాను వదిలిన వేడిగాలినే మళ్ళీ పీలుస్తుంది. గదిలో నీళ్ళ ఎయిర్ కూలర్ ఉంటే దాని గాలి నేరుగా క్యాబినెట్ మీదికి రానివ్వకండి. గడ్డి పాతబడిన కూలర్ సన్నని తుంపరలు విసురుతుంది, బోరు నీళ్ళయితే ఆ తుంపరలు ఆరిన చోటల్లా తెల్లని ఉప్పు పొర మిగులుతుంది.

పని ముగిశాక, మొదట చేసిన పరీక్షలనే అదే గదిలో, సీలింగ్ ఫ్యాను అదే వేగంలో ఉంచి మళ్ళీ చేయండి. వచ్చిన తేడాను, పేస్ట్ వేసిన తేదీని ఒక చీటీ మీద రాసి పక్క తలుపు లోపలి వైపు అంటించండి. వచ్చే మార్చిలో ఫిల్టర్లు కడగడానికి తలుపు తీసినప్పుడు ఆ పరీక్షనే మరోసారి చేసి, తేడా ఐదారు డిగ్రీలు పెరిగి కనిపిస్తే హీట్ సింక్ రేకుల నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి.