రెడిస్ సర్వర్‌కు వస్తున్న కమాండ్లను అప్పటికప్పుడు చూడడం ఎలా

తిరుపతి రైల్వే స్టేషన్‌లో యాత్రికులు తెల్లవారుజామున దిగి విష్ణు నివాసం వైపు నడిచే వేళకు, కాణిపాకం, శ్రీకాళహస్తి కార్ల బుకింగ్ చూసే ఒక చిన్న వెబ్‌సైట్ నత్తనడక పట్టిందనుకుందాం. సీట్ల లెక్కను మెమరీలో డేటా ఉంచే డేటాబేసు సర్వర్ అయిన రెడిస్‌లో ఉంచినట్లయితే, కోడు ముందేసుకుని ఊహించడం కంటే సర్వర్‌కు నిజంగా ఏ కమాండ్లు అందుతున్నాయో చూడడమే దగ్గరి దారి. అందుకు రెడిస్‌లో మానిటర్ అనే కమాండ్ ఉంది. (ఇక్కడ తెలుగులో రాసిన కమాండ్లను టెర్మినల్‌లో ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టాలి.)

సర్వర్ నడుస్తున్న యంత్రంలోకే లాగిన్ అయి "రెడిస్-సీఎల్ఐ మానిటర్" అని ఇస్తే, మొదట ఓకే అని వచ్చి, ఆపైన ప్రతి క్లయింటు (సర్వర్‌కు కనెక్ట్ అయిన ప్రోగ్రామ్) పంపే కమాండూ ఈ విధంగా తెరపై పడుతుంది:

1718871600.482913 [0 127.0.0.1:52814] "గెట్" "సీట్లు:కాణిపాకం"

మొదటి అంకె 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లు. చుక్క తర్వాతివి మైక్రోసెకన్లు. బ్రాకెట్లలోని సున్నా డేటాబేసు నంబరు, దాని పక్కన క్లయింటు చిరునామా, పోర్టు ఉంటాయి. ఆ తర్వాత కమాండు, అది అడిగిన కీ (విలువకు పెట్టిన పేరు) వస్తాయి. గెట్ అంటే ఆ విలువను చదవడం. ఒకే పోర్టు నుంచి అదే కీ కోసం గెట్ వెంటవెంటనే వస్తూ ఉంటే, కోడులో ఏదో లూపు ఒకసారి అడగవలసినదాన్ని పదేపదే అడుగుతోందని అనుమానించాలి. "కీస్ *" కనిపిస్తే మాత్రం వెంటనే దాని సంగతి చూడాలి, ఎందుకంటే అది కీలన్నింటినీ వెతికి ముగించేదాకా మిగతా కమాండ్లు ఆగిపోతాయి. దాని స్థానంలో కీలను కొద్దికొద్దిగా వెతికే స్కాన్ వాడడం మేలు.

అయితే ఈ పరిశీలన ఉచితం కాదు. ఒక్క మానిటర్ క్లయింటు ఉన్నా సర్వర్ వేగం సగానికి పైగా పడిపోవచ్చని రెడిస్ డాక్యుమెంటేషనే హెచ్చరిస్తోంది. పైగా మానిటర్‌తో సహా మామూలు క్లయింట్లకు పంపాల్సిన వరుసలు వేచి ఉండే అవుట్‌పుట్ బఫర్‌కు డిఫాల్టుగా పరిమితి లేదు కనుక, నెమ్మదైన నెట్‌వర్కు మీదుగా చూస్తే బట్వాడా కాని వరుసలు సర్వర్ మెమరీలోనే పేరుకుంటాయి. అందువల్ల రద్దీ వేళలో తెర ముందు కూర్చుని చూడకుండా, "టైమౌట్ 10 రెడిస్-సీఎల్ఐ మానిటర్" అని ఇచ్చి, పది సెకన్ల ఫలితాన్ని ఫైలులోకి మళ్లించి, ఫైలులో మాటలను వెతికే గ్రెప్‌తో తీరిగ్గా వెతకడం మంచిది. భారం తప్పించుకోవడానికి రెప్లికా (ప్రధాన సర్వర్ నకలు) మీద నడుపుదామని కొందరు అంటారు కానీ, ప్రధాన సర్వర్ నుంచి అక్కడికి రాత కమాండ్లు మాత్రమే చేరతాయి. మనం వెతుకుతున్న గెట్‌లు అక్కడ కనబడవు.

ఏ కమాండ్ ఎంతసేపు తీసుకుందో మానిటర్ చెప్పదు. దానికి "స్లోలాగ్ గెట్ 10" అడగాలి. డిఫాల్టుగా ఇది 10,000 మైక్రోసెకన్లు, అంటే 10 మిల్లీసెకన్లు దాటినవాటిని నమోదు చేసి, చివరి 128 ఉంచుకుంటుంది. సర్వర్‌పై దీని భారం చాలా తక్కువ కనుక, నా మట్టుకు ముందు ఇదే చూసి, ఇక్కడ దొరకనప్పుడే మానిటర్ జోలికి వెళ్లమంటాను.

రెడిస్ 6.0 నుంచి పాస్‌వర్డు పంపే ఆథ్ కమాండ్ మానిటర్‌లో కనిపించదు. కానీ యాత్రికుల పేర్లు, ఫోను నంబర్లు విలువలుగా వెళ్తుంటే అవి యథాతథంగా ఫైలులోకి చేరతాయి కనుక, దాన్ని వాట్సాప్ గ్రూపులో పెట్టకుండా, పని అయిన వెంటనే తుడిచేయాలి.