ఆఫీసరు కత్తి అసలుదో కాదో ఇంట్లోనే చూసుకోవడం ఎలా

చిత్తూరులో మాకు తెలిసినాయన అటక మీద దొరికిన కత్తి పట్టుకొచ్చి, "తాతగారిది, ఎంతొస్తుందన్నా?" అన్నాడు. ధర తర్వాత, ముందు అది ఏ కాలానిదో తేలాలి.

పిడికి కాపుగా ఉండే రేకు చూడండి. బ్రిటిష్ పదాతిదళ ఆఫీసర్ల 1897 నమూనాకి లతల్లాగా కోసిన ఉక్కు కాపు ఉంటుంది, దాని మీద కిరీటం, రాజు పొడి అక్షరాలు. ఐదో జార్జ్ అయితే 1910-36, ఆరో జార్జ్ అయితే 1936-52. మన సింహాల చిహ్నం వచ్చింది 1950 జనవరి 26న, అందుకే సింహాలున్న కత్తిని రెండో ప్రపంచ యుద్ధంలోదని ఎవరైనా అమ్మజూపితే నమ్మొద్దు.

అలుగుకు, అంటే పిడి ముందుండే పొడవాటి రేకుకి, వంపు ఉండదు, పొడవు సుమారు 32.5 అంగుళాలు. దాని మీది నగిషీ మీద గోరు పెట్టి మెల్లగా లాగండి. యాసిడ్‌తో చెక్కిందైతే గోరు తగులుకుంటుంది, అచ్చు వేసిందైతే జారిపోతుంది. విల్కిన్సన్ అనే బ్రిటిష్ కంపెనీ కత్తికి పిడి దగ్గర ఆరు కోణాల నక్షత్రం మధ్యలో చిన్న గుండ్రటి లోహపు బిళ్ళ, అలుగు వీపు (మందంగా ఉండే అంచు) మీద సాధారణంగా నంబరు ఉంటాయి. ఆ నంబరు బట్టే తయారైన ఏడాది తేలుతుంది, టార్చి వేసి వెతకండి! ఆ కంపెనీ 2005లో కత్తుల తయారీ ఆపేసింది.

పదును లేదని నకిలీ అనుకోకండి, పరేడ్ కత్తులు చాలావరకు మొద్దుగానే ఉంటాయి. దయచేసి గరుకు కాగితంతో మాత్రం రుద్దొద్దు, నగిషీ పోతే మళ్ళీ రాదు. తిరుపతిలో పాత సామాన్ల దగ్గర కొనేవాళ్ళు లైసెన్సు సంగతి ముందే పోలీసు స్టేషన్‌లో అడగండి.